ఏడవొద్దని నేను చేసిన బోధ

ఇది రాయవలసిన అవసరం లేదని చాలాకాలం అనుకున్నాను. అరవై తొమ్మిదో ఏట, మోకాళ్ళు రెండూ మొరాయించే స్థితిలో, అద్దాలు మార్చుకున్నా అక్షరాలు అలుక్కుపోయినట్టు కనబడే రోజుల్లో, ఎప్పుడో జరిగిపోయిన తప్పును తవ్వి కాగితం మీద పెడితే ఎవరికి ఏం ఒరుగుతుందని నా ఉద్దేశం. కానీ పోయిన నెల బడంగ్‌పేట్‌లో ఒకరిని పూడ్చే మట్టికి వెళ్ళి వచ్చాక, నేను రాయకుండా పోతే ఆ తప్పు నా పేరు పెట్టుకునే ఇంకా చాలా ఏళ్ళు బతుకుతుందని అర్థమైంది. అందుకని రాస్తున్నాను.

చనిపోయినామె మా పాత సంఘంలో నాతోపాటు ముప్పై ఏళ్ళుగా చాప పంచుకున్న ఒక సహోదరుడి భార్య. వాళ్ళది కిరాయి ఇల్లు కాబట్టి ఇంటాయన శవాన్ని మెట్లెక్కనివ్వలేదు. కింద బండ్లు నిలిపే చోటే ఐసు పెట్టెలో ఉంచారు. రెండు వరసల ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మూల స్పీకరు, ఒక కీబోర్డు. మా సంఘానికి ఈమధ్యే వచ్చిన పాస్టరుగారు కోస్తా వైపు మనిషి, ముప్పై రెండేళ్ళుంటాయేమో, గొంతు మంచిది, మనసు కూడా మంచిదే. ఆయన మైకు పట్టుకుని, ఇది దుఃఖపు ఇల్లు కాదని, తండ్రి ఇంటికి చేరుకున్న బిడ్డ కోసం సంతోషించే వేళ అని, విశ్వాసి కన్నీరు పెడితే పునరుత్థానాన్ని కాదన్నట్టేనని చెబుతూ, "ఈ మాట నాది కాదండీ, మన పెద్దాయన ఎప్పుడో ఈ సంఘానికి నేర్పిన సత్యం, ఆయన ఇక్కడే ఉన్నారు" అని నా వైపు చెయ్యి చూపించారు. అందరూ నన్ను చూశారు. అప్పటిదాకా తువ్వాలతో ముఖం ఒత్తుకుంటున్న ఆ సహోదరుడు కూడా చూశాడు. చూసి, తువ్వాలను నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. అట్లా కాదని చెబుదామని కుర్చీ చెయ్యి పట్టుకుని నేను లేచేలోపల కీబోర్డు మొదలైంది, పైన ఒక విమానం వెళ్ళింది, పెట్టె లేచింది.

మర్నాడు పొద్దున్నే ఆటో కట్టించుకుని ఆ సహోదరుడి ఇంటికి వెళ్ళి, నేను నేర్పింది తప్పని, ఆ తప్పును నేనే దిద్దుకున్నానని, ఆ దిద్దుబాటు ఆయనకు కూడా తెలుసుగదా అని గుర్తు చేశాను. ఆయన నాకే ధైర్యం చెప్పాడు, పోనియ్యి అన్నా, నువ్వేం జెప్పినా మంచికే జెప్పినవ్ అన్నాడు. ఆ మాట మోయడం కష్టమైంది. అక్కడి నుంచి పాస్టరుగారి దగ్గరికి వెళితే, ఆయన అంతా విని, తనకు పాతవాళ్ళు చెప్పిన కథలో మొదటి సగమే చేరిందని, మిగతాది రాసిస్తే ఆదివారం సంఘంలో చదువుతానని అన్నారు. ఇది ఆ మిగతా సగం.

మా అమ్మ నాకు ఐదేళ్ళప్పుడే పోయింది. నన్ను పెంచింది నాకంటే ఆరేళ్ళు పెద్దదైన మా అక్క. మా ఊరి పొలాలు సగం ఇప్పుడు విమానాశ్రయం గోడ లోపల ఉన్నాయి గాని, అప్పుడవి జొన్న చేలు. అక్క ఆ చేలల్లో కూలికి పోతూ నన్ను గట్టు మీద కూర్చోబెట్టుకునేది. ఆమెకు అక్షరం రాదు. వచ్చింది ఒకే విద్య, శోకాలు పెట్టడం. ఈ కాలంవాళ్ళకు అదేమిటో చెప్పవలసి వస్తుంది. మా వైపు మనిషి పోతే ఆడవాళ్ళు ఒకరి మెడ ఒకరు పట్టుకుని, పోయినవాళ్ళ బతుకంతా రాగం తీస్తూ చెప్పుకుని ఏడ్చేవారు. మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్న ఆ రాగం అక్క గొంతులో ఇంకొక మెట్టు పైకెక్కింది. పోయినాయన పెళ్ళినాడు వాన పడి పందిరి కూలిన సంగతి, కుంటెద్దును అమ్మిననాడు ఆయన అన్నం తినని సంగతి, తమ్ముడితో కొట్లాడి మళ్ళీ తమ్ముడి చేనుకే నీళ్ళు మలిపిన సంగతి, అన్నీ ఆ శోకంలో వరసగా వచ్చేవి, అప్పటిదాకా గోడకానుకుని ఊరికే కూర్చున్నవాళ్ళకు కూడా ఆ మనిషి ఒకసారి కళ్ళముందు నడిచిపోయినట్టుండేది. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో ఎవరు పోయినా, ఆమె వచ్చిందా అని అడిగేవారు. అంతా అయ్యాక అక్క ముఖం కడుక్కుని, చాయ్ తాగి, పక్కనున్నామెను నవ్వించి మరీ ఇంటికి వచ్చేది. గుండె తేలికైతదిరా, గంతే అనేది.

నా విద్య వేరు. ఏడో తరగతితో బడి ఆగిపోయినా చదువు ఆగలేదు. గగన్‌పహాడ్‌లో నూనె మిల్లులో పనికి కుదిరాక, మధ్యాహ్నం రెండింటికి పని దిగి, సైకిలు మీద శంషాబాద్ గ్రంథాలయానికి వెళ్ళి మూసేదాకా కూర్చునేవాణ్ణి. రెండు గదులు, నాలుగు బల్లలు, చెద తిన్న ఒక బీరువా. అందులో నేను చదవని పుస్తకం లేదని ఇప్పటికీ కొంచెం గర్వంగానే చెప్పుకుంటాను. భూగోళం, వైద్యం, జీవిత చరిత్రలు, నిఘంటువు కూడా మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. నా బట్టలకు పట్టిన నూనె వాసన పుస్తకాలకు అంటుతుందని గ్రంథపాలకుడు నాకోసం ఒక పాత తువ్వాల ఉంచేవాడు, చేతులు తుడుచుకుని ముట్టుకోమని. ఒకనాడు నేను ఒకేసారి మూడు పుస్తకాలు అడిగితే, ఏంది తమ్మీ, బీరువా గూడ కట్టియ్యమంటవా అని అడిగాడు.

మిల్లులో నా పక్కన పనిచేసే ఒకాయన ద్వారా నేను విశ్వాసంలోకి వచ్చాను, ఆ తర్వాత నా భార్య, రెండేళ్ళకు అక్కా బావా. బావది బుద్వేల్, తాపీ పని. ఆయన నన్ను చిన్న పాదిరి అని పిలిచేవాడు. బాప్తిస్మం తీసుకున్ననాడు నీళ్ళలోంచి బయటికి వచ్చి, కల్లు మాన్పిచ్చినవ్, బీడీ మాన్పిచ్చినవ్, ఇగ నవ్వుడు గూడ మాన్పిస్తవా చిన్న పాదిరీ అని అందరిముందూ అడిగాడు. పన్నెండిళ్ళ సంఘం మాది, రేకుల షెడ్డు. నగరం నుంచి పాస్టరుగారు నెలకొక ఆదివారం వచ్చేవారు. మిగతా ఆదివారాలు, చదువుకున్నవాణ్ణని, బోధ నా మీద పడింది. పూర్వం ఎవరో వదిలిపోయిన ఒక పెట్టెడు వ్యాఖ్యానాలు షెడ్డులో ఉండేవి. వాటిని కూడా గ్రంథాలయం పుస్తకాలను నమిలినట్టే నమిలాను.

బోధ మనిషి బతుకును మారుస్తుందని నేను పుస్తకంలో చదివి నమ్మలేదు, కళ్ళతో చూసి నమ్మాను. మా వైపు చెడు నక్షత్రంలో మనిషి పోతే ఇంటికి తాళం వేసి ఆరు నెలలు ఊరి బయట గుడిసెలో ఉండేవారు. మా సంఘంలో ఒకింట్లో అట్లా ముసలామె పోయింది. మరణాన్ని జయించినవాడొకడున్నాడని నమ్మినవాళ్ళు గడియలకు, నక్షత్రాలకు భయపడనక్కర్లేదని నేను చెప్పిన పాఠం ఆధారంగా ఆ ఇంటివాళ్ళు తాళం వెయ్యలేదు. ఊరంతా వాళ్ళింటి వైపు చూస్తూ గడిపింది, రెండో చావు ఎప్పుడొస్తుందా అని. ఏదీ రాలేదు, వాళ్ళింట్లో ఆ ఏడు మనవడు పుట్టాడు. మొగుడు పోయిన ఆడదాని గాజులు పదోనాడు పగలగొట్టే పద్ధతిని కూడా మేము మానేశాం. ఇవన్నీ మంచి పనులు, ఇప్పటికీ మంచి పనులే అంటాను.

అయితే అదే పునరుత్థానపు బోధ నుంచి నేను ఇంకొక మెట్టు నా అంతట నేనే కట్టాను. నిరీక్షణ, అంటే ఆశ, లేనివాళ్ళలాగా దుఃఖపడవద్దన్న లేఖనపు హెచ్చరికలో, ఎవరిలాగా అన్నది వదిలేసి, దుఃఖపడవద్దన్నది పట్టుకున్నాను. విశ్వాసి ఏడవకూడదు, శోకాలు అన్యుల పద్ధతి, శవం ముందు పాటే పాడాలి. అట్లా నేర్పాను. బల్ల మీద వ్యాఖ్యానం తెరిచి పెట్టుకుని నేర్పాను కాబట్టి ఎవరూ మారు అడగలేదు. అక్క ఒక్కతే, మరి నా గొంతును ఏం జేసుకోవాలెరా తమ్మీ అని అడిగింది. కీర్తనలు పాడమన్నాను. సరే, సదువుకున్నోనివి, నీకెరుక అంది. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మనుషులు వచ్చి పిలిచినా వెళ్ళలేదు. చాలా ఇళ్ళవాళ్ళు మనసు నొచ్చుకున్నారు.

రెండేళ్ళకు బావకు పచ్చకామెర్లు వచ్చాయి. మూడు వారాలు దవాఖానలో ఉన్నాడు. ఒక పొద్దున్న పోయాడు. పది గంటలకల్లా బుద్వేల్‌లో ఇంటి ముందు పందిరి వేసి పడుకోబెట్టారు. అక్కకు అప్పుడు నలభై రెండు, వాళ్ళ బిడ్డకు పదిహేను.

బావ తల్లి, అంటే మా అక్క అత్త, విశ్వాసంలోకి రాలేదు. మనిషి బక్కది, మాట గట్టిది, కోడలంటే ప్రాణం. ఇరవై ఏళ్ళు అత్తాకోడళ్ళిద్దరూ ఒకే చేటలో బియ్యం చెరుక్కున్నారు. ఒక్కగానొక్క కొడుకు శవం ముందు ఆమె లేచి నిలబడి, కోడలి వైపు రెండు చేతులూ చాచింది. మెడ పట్టుకుని ఏడవడానికి. మా పద్ధతిలో కోడలు లేచి ఆ చేతుల్లోకి వెళ్ళాలి. అక్క లేచింది. ఒక అడుగు వేసి, నేను ఎక్కడున్నానా అని చూసింది. నేను శవం తల దగ్గర పాటల పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాను. తల అడ్డంగా ఊపాను. పెద్దగా కాదు, కొంచెమే. అక్క తన చేతులు దించుకుంది.

ముసలామె చాచిన చేతులు అట్లాగే పట్టుకుని కొంతసేపు నిలబడింది. తర్వాత పక్కకు తిరిగి పందిరి గుంజను పట్టుకుని, దానికి తల ఆనించి ఏడ్చింది. గుంజతో చెప్పుకున్నట్టు ఒక మాటంది, అక్కడున్న వాళ్ళందరికీ వినపడింది.

"నా కొడుకు రాయిని జేసుకున్నడు."

అక్క పాట ఎత్తుకుంది. ఒక్క చరణం కూడా వణకలేదు. సమాధి దగ్గర కూడా ఆమే పాడింది. నగరం నుంచి వచ్చిన విశ్వాసులు నా చెయ్యి పట్టుకుని, ఎంత స్థిరమైన బోధ చేశారన్నా అని మెచ్చుకున్నారు. నాకు సంతోషం కలిగింది. దాచుకోవడం దేనికి, బావ చచ్చిపోయిన రోజున నాకు సంతోషం కలిగింది. ఆ తర్వాత నాలుగేళ్ళకు పైగా, నన్ను ఏ సంఘానికి పిలిచినా ఆ సంగతే సాక్ష్యంగా చెప్పాను. మాలో ఒక సహోదరి ఉంది, భర్త శవం ముందు ఒక్క చుక్క రాల్చలేదు అని మొదలుపెట్టేవాణ్ణి. వినేవాళ్ళ కళ్ళు తడిసేవి. అందులో ఏదో తేడా ఉందని నాకు తట్టలేదు.

అక్క అత్త ఆ వారమే ఇల్లు విడిచి, ఎదురుగా ఒక చిన్న గదిలోకి మారి, వేరే పొయ్యి పెట్టుకుంది. గాజులు తియ్యకపోతిరి, పోనియ్యిగని నా కొడుకుకోసం ఒక్కనాడన్న ఏడ్వకపోతివి అని వాకిట్లో నిలబడి అక్కను అనేది. ఆరేళ్ళలో కోడలి చేతి మెతుకు ముట్టలేదు. అక్క రోజూ ఒక బిందె నీళ్ళు ఆమె గడప దగ్గర పెట్టి వచ్చేది. ఆమె ఆ నీళ్ళు గేదెకు పోసి, తనకు తాగే నీళ్ళు తానే బోరింగు నుంచి తెచ్చుకునేది. అక్క గొంతు బొంగురుపోయింది. గుండెలో బండ పెట్టినట్టుందని దవాఖానకు వెళితే ఏ రోగమూ లేదన్నారు. నా మేనకోడలు ఒకసారి వచ్చి, మామా, అమ్మ కంచం ముందట కూసుంటది, తినదు, జర వచ్చి మాట్లాడు అంది. వెళ్ళాను. వెళ్ళి ప్రార్థన చేసి వచ్చాను.

నా కళ్ళు తెరిపించింది పెట్టెలో పుస్తకం కాదు, నా భార్య. ఒక శనివారం మధ్యాహ్నం ఆమె వాకిట్లో బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను మర్నాటి పాఠం బిగ్గరగా చదువుకుంటున్నాను. చచ్చిపోయిన స్నేహితుణ్ణి బతికించబోతూ, ప్రభువు అతని సమాధి దగ్గర కన్నీళ్ళు విడిచిన భాగం అది. ఆమె చెయ్యి ఆపకుండానే అడిగింది.

"జర సేపైతే లేపుతనని ఆయనకు ఎరుకే గదా. మరెందుకు ఏడ్చిండు?"

నా దగ్గర జవాబు తయారుగా ఉంది. అది చావు కోసం కాదు, చుట్టూ ఉన్నవాళ్ళ అవిశ్వాసం చూసి బాధపడ్డాడని ఒక వ్యాఖ్యానంలో చదివాను. అదే చెప్పాను. ఆమె ఒక రాయి ఏరి అవతల పడేసి, నీ పుస్తకం గట్ల జెప్తదేమోగని, దోస్తు పోయిండని ఆయన ఏడ్చిండు, ఆ దోస్తు అక్కచెల్లెండ్లు ఏడుస్తుంటే ఏడ్చిండు, గది గూడ తెల్వదా నీకు అంది. అని లేచి బియ్యం కడగడానికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆ భాగాన్ని, నేను ఇన్నేళ్ళు వాడుకున్న ఆ హెచ్చరికను పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఏడవొద్దని ఎక్కడా లేదు. ఆశ లేనట్టుగా ఏడవొద్దని ఉంది. మరణం ఓడిపోయిందని అందరికంటే బాగా తెలిసినవాడే ఏడ్చాడు. అయితే ఏడుపు అవిశ్వాసం ఎట్లా అవుతుంది? శవం మళ్ళీ లేస్తుందని నమ్మేవాళ్ళకే ఆ దేహం మీద ఎక్కువ ప్రేమ ఉండాలి గదా. ఇంత చిన్న సంగతి నాకు పదేళ్ళ చదువులో కనబడలేదు. అదే నెలలో గ్రంథాలయంలో జానపద ఆచారాల మీద ఒక లావుపాటి పుస్తకం దొరికింది. అందులో ఆడవాళ్ళ శోకాల గురించి ఒక అధ్యాయమే ఉంది. పెద్ద చదువులవాళ్ళు ఊరూరా తిరిగి, బతిమాలి పాడించుకుని రాసుకున్నారట. నేను ఎవరి నోరు మూయించానో ఆ అధ్యాయం చదువుతున్నంతసేపూ తెలుస్తూ ఉంది. బల్ల దగ్గర చాలాసేపు కూర్చున్నాను, పేజీ తిప్పలేదు.

ఇక్కడ ఇంకా చెడ్డ సంగతి చెప్పాలి. తెలిసీ నేను ఏడాదిన్నర నోరు విప్పలేదు. తెలియక చెప్పిన తప్పు కంటే ఇది పెద్దది. సాక్ష్యం చెప్పడానికి పిలుపులు వస్తూనే ఉన్నాయి. వెళ్ళి వేరే ఏదో మాట్లాడి వచ్చేవాణ్ణి. వచ్చే నెల చెబుదాం, పంట కోతలయ్యాక చెబుదాం, పాస్టరుగారు వచ్చిననాడు చెబుదాం అని వాయిదా వేసుకున్నాను. అక్కకు ఒక్క మాట చెబితే చాలు, ఆమె వీధి దాటి అత్త మెడ పట్టుకుంటుందని నాకు తెలుసు. పన్నెండు అడుగుల వీధి అది. నేను చదువుకున్నవాడినన్న పేరు ఆ వీధికి అడ్డంగా పడుకుంది.

ఆ ముసలామె ఒక మధ్యాహ్నం పోయింది. గేదెకు గడ్డి వేసి వచ్చి గడపలో కూర్చుని, అట్లాగే ఒరిగిపోయిందట. మిల్లు నుంచి నేను వెళ్ళేసరికి అక్క ఆ గదిలోకి వెళ్ళి ఉంది, ఆరేళ్ళలో మొదటిసారి. తానే నీళ్ళు కాచి, అత్తకు స్నానం చేయించి, తల దువ్వి, ముడి వేసింది. బయట వాడలోని ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఎవరో ఒకరు ఎత్తుకుంటే గాని శోకం మొదలవదు, ఎత్తుకోవలసింది కోడలు, ఆమె ఎత్తుకోదని అందరికీ తెలుసు. ఒక ముసలామె నన్ను చూసి, వచ్చిండు పాదిరి, ఇగ ఊపిరి గూడ తియ్యకుండ్రి అంది. నవ్వేవాళ్ళు నవ్వారు.

అక్క శవం పక్కన కూర్చుని నా వైపు చూసింది. బావ చచ్చిపోయిననాడు చూసిన చూపే. అప్పుడు చెప్పాను, అందరూ వింటుండగానే చెప్పాను.

"అక్కా, ఏడువు. నేను నీకు తప్పు చెప్పిన."

అక్క అత్త ముఖం వైపు తిరిగి, నోరు తెరిచి, ఓ అత్తా అని రాగం తీయబోయింది. రెండు పలుకులు వచ్చాయి. ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించింది. అదే చోట ఆగింది. కోపం లేకుండా, పనిముట్టు ఎక్కడ పెట్టానో గుర్తు రావడం లేదన్నట్టు చెప్పింది.

"ఇప్పుడు వస్తలేదురా తమ్మీ."

నా భార్యకు శోకాలు రావు. ఆమె వెళ్ళి అక్క మెడ పట్టుకుని రాగం లేకుండానే ఏడ్చింది. అక్క ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. అట్లాగే మట్టి అయిపోయింది.

ఆ ఆదివారం షెడ్డులో నేను పాఠం చెప్పలేదు. నా తప్పు ఏమిటో, ఎక్కడ మొదలైందో, తెలిసీ ఎంతకాలం దాచానో వరసగా చెప్పాను. అప్పటికి నాలుగేళ్ళ కింద బిడ్డను పూడ్చిపెట్టిన ఒకాయన వెనక వరసలోంచి లేచి, చెప్పులు వేసుకోకుండా బయటికి వెళ్ళాడు. షెడ్డు వెనక ఆయన ఏడుపు మాకు రేకుల్లోంచి వినిపిస్తూనే ఉంది. ఎవరూ వెళ్ళి ఆపలేదు. ఆ రోజుకు అదే ఆరాధన అనుకోవాలి.

ఆ తర్వాత మా పన్నెండిళ్ళలో చావుకు కొత్త పద్ధతి ఏర్పడింది. ఎవరూ కూర్చుని తీర్మానించింది కాదు, మెల్లగా కుదిరింది. శవాన్ని ఎత్తేదాకా ఎవరెంత ఏడ్చినా వద్దనేవాళ్ళం కాదు. సమాధి దగ్గరికి వెళ్ళాక మాత్రం పాట పాడేవాళ్ళం, ఏడుస్తూనే పాడేవాళ్ళం. నెలరోజులపాటు వంతులేసుకుని ఆ ఇంట్లో ఎవరో ఒకరు కూర్చునేవారు. లేస్తారన్న నమ్మకం ఉంది కాబట్టే ఏడుపుకు భయపడనక్కర్లేదని, భయం లేదు కాబట్టే ఏడ్చేవాళ్ళ పక్కన ఎంతసేపైనా కూర్చోవచ్చని చెప్పాను. నేను చెప్పిన పాఠాలన్నిటిలో అదొక్కటే పూర్తిగా ఒంటబట్టింది. అందరికంటే అక్కకు ఒంటబట్టింది. విశ్వాసులా కాదా, ఏ కులమని చూడకుండా, సాయబుల ఇళ్ళకు కూడా ఆమె వెళ్ళి కూర్చునేది. వాళ్ళు ఆపా, అంటే అక్కా, అని పిలిచి పక్కన చోటిచ్చేవారు. ఎవరైనా కళ్ళనీళ్ళు మింగుకుంటుంటే, ఏడువు బిడ్డా, దేవుడేమనడు అనేది. తను మాత్రం, నాకు తెలిసినంతవరకు, బావ కోసం గాని అత్త కోసం గాని ఇంతవరకు ఏడవలేదు. ఇప్పుడు ఆమెకు డెబ్బై అయిదు. బుద్వేల్‌లో నా మేనకోడలి దగ్గరే ఉంది. నేను అడగను. ఆమె చెప్పదు.

ఇప్పుడు అంతా మారింది. మంచి బోధకు కరువు లేదు, ప్రతివాడి ఫోనులోనూ వంద ప్రసంగాలున్నాయి. నేను సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి సంపాదించుకున్న తెలివి వేలితో తోస్తే వచ్చేస్తుంది. లేనిది తీరిక. దవాఖాన నుంచి బండిలో తెచ్చి, గంటలో కానిచ్చి, అదే రోజు డ్యూటీకి పోయేవాళ్ళకు ఏడవడానికి సమయమేది, అందుకేనేమో ఏడవొద్దన్న మాట వాళ్ళకు ఇంపుగా ఉంటుంది. నేను గర్వం కొద్దీ చేసిన తప్పు ఇప్పుడు సౌకర్యం కొద్దీ తిరిగి వస్తోంది. శోకాలు తెలిసినవాళ్ళు మా వైపు ఇక ఎవరూ మిగల్లేదు. చచ్చిపోయినవాళ్ళ బతుకు చెప్పేవాళ్ళు లేక, పెట్టె మీద ఫోటో ఒకటి పెడుతున్నారు. దీన్ని దిద్దే ఓపిక నాకు లేదు. రాసిపెట్టే ఓపిక ఉంది, అది కూడా ఇక్కడికి సరిపోయింది.

కృతజ్ఞతలు చెప్పుకోవలసినవాళ్ళున్నారు. నూనె చేతులవాణ్ణి అయినా బీరువా తాళాలు నా చేతికిచ్చిన గ్రంథపాలకుడు నర్సింలు సారుకు. ఈ కాగితాలను సంఘంలో చదువుతానని మాటిచ్చిన పాస్టరు సుధాకర్‌గారికి. నా తప్పుకు తన తువ్వాల మడిచి, మర్నాడు నన్నే ఓదార్చిన యేసురత్నం అన్నకు. నా రాత అర్థం కాకపోయినా కూర్చుని సాపు రాసిచ్చిన మేనకోడలు మేరికి. బియ్యంలో రాళ్ళేరుతూ నా పాఠంలో రాయి కూడా ఏరిన నా భార్య సువార్తమ్మకు. క్షమించానని ఎన్నడూ నోటితో చెప్పకుండా, వెళ్ళినప్పుడల్లా నాకు అన్నం పెడుతూనే ఉన్న మా అక్క సత్తెమ్మకు.

మొన్న బుద్వేల్ వెళ్ళి ఇదంతా అక్కకు చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నది. మార్చమని ఏమీ అడగలేదు గాని, అందరి పేర్లూ రాసి అత్త పేరు రాయకపోతివి అంది. నిజమే. ఆమె పేరు బాలమ్మ.